కాటా ఎటు తిరిగి ఉంది?

పొద్దున తొమ్మిదిన్నర. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల వీధిలో షట్టర్లు ఒక్కొక్కటే పైకి లేస్తున్నాయి. రండి, ఈ పదడుగుల వెడల్పు అంగట్లోకి. చెప్పులు బయటే విడిచి, గల్లా పక్కనున్న స్టూలు మీద కూర్చోండి. రాత్రి షట్టరు దించేదాకా మీరు ఇక్కడే ఉంటారు. మీరు వచ్చింది నగ కొనడానికి కాదు. చిన్న వ్యాపారం పెట్టుకున్న మనిషి ఊరి నమ్మకాన్ని ఎలా సంపాదిస్తాడో కళ్లారా చూడటానికి.

పెన్న ఒడ్డునున్న ఈ ఊరు అమ్మవారిశాల దసరాకు ఎంత పేరుపడిందో, బంగారానికీ అంతే పేరుపడింది. ఇక్కడ అంగళ్లు వందల్లో ఉన్నాయి. వాటికి తోడు అద్దాల మేడల్లాంటి కార్పొరేట్ షోరూములు, సినిమా తారల హోర్డింగులు. మీరు కూర్చున్న అంగడికి హోర్డింగు లేదు, ఏసీ లేదు. ఉన్నదల్లా యజమాని, ఒక గుమాస్తా, వెనక గదిలో ఆచారి.

యజమాని దీపం పెట్టాడు. ఊదొత్తి వెలిగించాడు. తర్వాత చేసే పని చూడండి. ఫ్యాను ఆపేశాడు. కాటా మీదున్న గాజు పెట్టె తలుపు తీసి, పళ్లేన్ని మెత్తటి గుడ్డతో తుడిచాడు. అంకె సున్నాకు వచ్చేదాకా ఆగాడు. చిమటాతో యాభై గ్రాముల తూకపు రాయి తీసి పళ్లెంలో పెట్టాడు. 50.000. రాయి తీశాడు. మళ్లీ సున్నా. గాలి తగిలినా మిల్లీగ్రాములు కదిలే కాటా కాబట్టే ఫ్యాను ఆపడం, గాజు పెట్టె మూయడం. తూనికలు కొలతల శాఖవాళ్లు ముద్ర వేసి ఇచ్చిన సర్టిఫికెట్ గోడకు తగిలించి ఉంది. అది గల్లా వైపు లేదు, కొనేవాళ్లు కూర్చునే వైపు ఉంది. కాటాకు తెరలు రెండు. ఒకటి ఆయన వైపు, ఒకటి ఎదుటివాళ్ల వైపు.

"నాకు కనబడేది వాళ్లకూ కనబడాల," అంటాడు మీ వైపు చూసి. ఆ మాటను మనసులో ఉంచుకోండి. ఈ రోజంతా జరిగేది అదే.

బంగారం కొనే మనిషి కంటికి ఆనేవి రెండే: రంగు, పనితనం. బరువెంతో, స్వచ్ఛతెంతో, అందులో రాళ్లు, లక్క ఎంతో, తరుగు ఎందుకు వేశారో అన్నీ అమ్మేవాడి నోటి మాటలే. ఒక కుటుంబం ఏళ్ల తరబడి కూడబెట్టిన డబ్బు ఆ మాటల మీద ఆధారపడుతుంది. అమ్మేవాడికి తెలిసింది కొనేవాడికి తెలియని ప్రతిచోటా అనుమానం పుడుతుంది. ఆ తేడాను తన లాభానికి వాడుకోవాలా, చెరిపెయ్యాలా అన్నదే ఏ చిన్న వ్యాపారికైనా అసలు ప్రశ్న.

మొదటి బేరం వచ్చింది. మైదుకూరు వైపు పల్లె నుంచి నలుగురు. పెండ్లికూతురు, తల్లి, తండ్రి, మేనత్త. గుమాస్తా మంచినీళ్లు ఇచ్చాడు. తండ్రి జేబు మీద చెయ్యి తీయడం లేదు. లెక్క తెచ్చుకున్నాడు. కడప సీమలో లెక్కంటే డబ్బే.

"అన్నా, మూడు తులాల్లో తాడు చూపీ," అంది తల్లి.

"ఏ తులమక్కా? పాత తులమా, బజారు తులమా?"

ఆమె భర్త మొహం చూసింది. యజమాని కాగితం తీశాడు. పాతకాలపు తులం 11.66 గ్రాములు. ఇప్పుడు బజారులో తులమంటే పది గ్రాములే. మూడు తులాలకు దాదాపు ఐదు గ్రాముల తేడా. "మీ ఇంట్లో పెద్దోళ్లు ఏది అనుకోని చెప్పినారో అడుగు. రేపు పెండ్లింట్లో మూడన్నారు, ఇంతే ఉండాదేమని మాట రాకూడదు," అన్నాడు. తల్లి అక్కడే ఫోను తీసి వాళ్ల అమ్మను అడిగింది. బజారు తులమే. ఇప్పుడు కాటా మీద మాట, మనిషి మనసులో మాట ఒకటయ్యాయి.

తాడు కుదిరింది. మేనత్త కన్ను మాత్రం ట్రేలో మెరుస్తున్న రాళ్ల హారం మీద పడింది. ఆయన దాన్ని కాటా మీద పెట్టాడు. 32.400. గుమాస్తా తెచ్చిన ట్యాగు చూపించాడు. రాళ్లు, లక్క కలిపి 5.150. బంగారం 27.250. మూడు అంకెలూ కాగితం మీద ఒకదాని కింద ఒకటి రాశాడు. "రేటు కట్టేది ఈ కింది అంకెకే. పైదానికి కాదు. రాళ్లకు వేరే ధర." తర్వాత కాస్త ఆగి, పెండ్లికూతురికి కాకుండా తండ్రికి చెప్పాడు.

"అన్నా, హారం బాగుండాది, కాదనను. రేపు అవసరమొచ్చి మార్చుకుంటామని తెస్తే బంగారానికి బంగారం విలువ కట్టిస్తా. ఈ రాళ్లకు మాత్రం ఏమీ ఇయ్యలేను. ఈ బజార్లో ఇంగెవురూ ఇయ్యరు. పిల్ల ముచ్చటపడితే తీసుకోండి. దాచిపెట్టుకునేదానికి అనుకుంటే మాత్రం వద్దు."

తండ్రి కాసేపు మాట్లాడలేదు. "అట్ల చెప్తే నీకు బేరం తగ్గుతాది గదన్నా?"

"ఈ రోజు తగ్గుతాది," అన్నాడాయన.

రాళ్లు లేని సాదా హారం తీసుకున్నారు. అందులో ఆయనకు మిగిలేది తక్కువే. రాళ్ల నగల్లోనే లాభం ఎక్కువని ఆయనకూ తెలుసు, పక్కంగడి వాళ్లకూ తెలుసు. ఈ పిల్లకు చెల్లెలుంటే ఆ పెండ్లికీ, రేపు ఈ పిల్ల బిడ్డకు చెవులు కుట్టించే రోజుకూ ఈ కుటుంబం ఏ మెట్లెక్కుతుందో కూడా ఆయనకు తెలుసు.

ఇప్పుడు బిల్లు. మీ మెడ కాస్త ముందుకు వంచి చూడండి. బంగారం బరువు, ఈ రోజు రేటు, తరుగు, మజూరీ, హాల్‌మార్కు రుసుము, జీఎస్టీ. ఒక్కోదానికీ ఒక్కో గీత. తండ్రి వేలు తరుగు దగ్గర ఆగింది. చాలా అంగళ్లలో ఈ గీత దగ్గరే మాట తడబడుతుంది. ఈయన తడబడలేదు.

"ఆకురాయి పట్టేటప్పుడు, మెరుగు పెట్టేటప్పుడు బంగారం కొంత రజనుగా పోతాది. అది నిజం తరుగు. మిషను గొలుసుకు తక్కువ, చేతి నగిషీకి ఎక్కువ. నేను వేసిందాంట్లో అదీ ఉంది, నా అంగడి బాడుగ, నా పిల్లోళ్ల తిండి గూడా ఉంది. రెండంగళ్లు తిరిగి అడుగు. ఇంతకంటే బాగా తక్కువ చెప్తే ఆ తక్కువ యాడ నుంచి తెస్తున్నారో గూడా అడుగు."

తన లాభం ఏ గీతలో ఉందో నోరు తెరిచి చెప్పిన వ్యాపారితో బేరమాడటం కష్టం. కొనేవాడికి కోపం వచ్చేది లాభం తీసుకున్నందుకు కాదు, దాచినందుకు.

తండ్రి గొంతు తగ్గించాడు. "బిల్లు లేకుండా ఇస్తే ఆ జీఎస్టీ మూడు శాతం మిగులుతాది గదన్నా?"

"మిగులుతాది. రేపు వస్తువులో తేడా వస్తే నన్ను నిలదీసేదానికి నీ చేతిలో ఏముంటాది?" అంటూనే బిల్లు పూర్తి చేశాడు. మొత్తం రెండు లక్షలు దాటింది కాబట్టి పాన్ కార్డు అడిగాడు. రెండు లక్షలు, ఆపైన నగదుగా పుచ్చుకోవడానికి చట్టం ఒప్పుకోదని చెప్పి, మిగతాది బ్యాంకు ద్వారా వేయించుకున్నాడు. చట్టం ప్రకారం నడిచే మనిషన్న పేరు కూడా పరపతే.

చివరగా భూతద్దం. తాడు కొక్కెం దగ్గర మూడు గుర్తులున్నాయి. పెండ్లికూతురి చేతికే అద్దం ఇచ్చాడు. త్రికోణంలాంటిది భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) గుర్తు. 22కే916 అంటే వందలో 91.6 పాళ్లు మేలిమి. మూడోది అక్షరాలూ అంకెలూ కలిసిన ఆరు స్థానాల హెచ్‌యూఐడీ. ఒక నగకున్న సంఖ్య మరో నగకు ఉండదు. "నీ ఫోన్లో బీఐఎస్ కేర్ యాప్ వేసుకోమ్మా. నా ఫోన్లో వద్దు, నీదాంట్లోనే చూడు." పిల్ల అంకెలు కొట్టింది. ఏ అంగడి పేరున, ఏ కేంద్రంలో ముద్ర పడిందో, వస్తువేమిటో, స్వచ్ఛతెంతో తెర మీద కనబడింది. ఆ అమ్మాయి మొహంలో వెలుగు మీరూ చూశారు. ఆమె ఇప్పుడు ఆయన్ను గుడ్డిగా నమ్మడం లేదు. తనే తేల్చుకుంది. అంతకంటే గట్టి నమ్మకం లేదు.

ఈ గుర్తుల వెనక చట్టం ఉంది. 2021 జూన్ 16 నుంచి మొదట 256 జిల్లాల్లో హాల్‌మార్కు తప్పనిసరి చేశారు. ఆ జులైలో హెచ్‌యూఐడీ వచ్చింది. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆరు స్థానాల సంఖ్య లేని హాల్‌మార్కు నగ అమ్మకూడదన్నారు. ముద్రలో చెప్పిన దానికంటే స్వచ్ఛత తక్కువ తేలితే, ఆ తక్కువైనదాని విలువకు రెండింతలు, పరీక్ష ఖర్చుతో సహా కొన్నవాళ్లకు చెల్లించాలి. ఏటా నలభై లక్షల లోపు టర్నోవరున్న అంగళ్లకు మినహాయింపు ఉంది. ఈయన అప్పట్లో ఆ మినహాయింపులోకే వచ్చేవాడు. అయినా రిజిస్టరు చేయించుకున్నాడు. వస్తువుకు కొద్దిపాటి రుసుముతో ఊరి అనుమానం తీరుతుంటే, అంతకంటే చవకైన ప్రకటన ఏముంటుంది?

మధ్యాహ్నం దాటింది. వీధిలో జనం పలచబడ్డారు. ఒక అవ్వ గడప దగ్గర నిలబడి లోపలికి తొంగి చూసింది. అంగట్లో ఎవరూ లేరని చూసుకుని వచ్చింది. చీర కొంగు ముడి విప్పి ఒక గొలుసు గల్లా మీద పెట్టింది. యజమాని ఎందుకని అడగలేదు. గుమాస్తాకు కళ్లతో సైగ చేశాడు. అతను లేచి వెళ్లి గుమ్మం దగ్గర నిలబడ్డాడు, కొత్తవాళ్లు వస్తే కాసేపు బయటే మాటల్లో పెట్టడానికి.

ఇంట్లో బంగారం అమ్మడమంటే ఆ ఇల్లాలికి పదిమందిలో తలవంపు. ఎవరు అమ్మారో, ఎంతకు అమ్మారో ఈ అంగట్లోంచి ఎన్నడూ బయటికి పోదు. రేపు అవ్వ తోడికోడలే వచ్చి పక్కన కూర్చున్నా ఈయన నోటి నుంచి ఆ ఊసు రాదు. మాట దాచుకోవడం తెలియనివాడి దగ్గరికి మనుషులు సంతోషంలోనే వస్తారు, కష్టంలో రారు. కష్టంలో కూడా తన అంగడి మెట్లెక్కారంటే ఆ వ్యాపారి నిజంగా సంపాదించినట్టు.

"మా యత్త పెట్టింది నాయనా. ఇరవై రెండు అని చెప్పింది."

కాటా మీద 24.310. గీటురాయి మీద ఒక గీత గీశాడు. పక్కనే తెలిసిన స్వచ్ఛత ఉన్న పుల్లతో ఇంకో గీత. ఆమ్లం చుక్క వేస్తే అవ్వ గొలుసు గీత కొంచెం ఎక్కువ వెలిసింది. కారట్ మీటరులో పెట్టాడు. కొన్ని సెకన్లలో అంకె వచ్చింది. ఎనభై అయిదుకు కాస్త తక్కువ. అవ్వ కళ్లలో నీళ్లు తిరిగాయి. అత్త మోసం చేసిందా, ఈ అంగడివాడు మోసం చేస్తున్నాడా అన్న రెండు అనుమానాలూ ఆ మొహంలో ఒకేసారి కనబడ్డాయి.

"మీ యత్త అబద్ధం చెప్పలేదవ్వా. అప్పట్లో లంకెలు అతికేదానికి టంకం వేసేవోళ్లు. టంకంలో రాగి, వెండి కలుపుతారు. గొలుసుకు అతుకులు ఎక్కువ. పైగా ఈ మిషను పైపొరనే చదువుతాది, కరిగిస్తేగానీ పూర్తిగా తెలీదు." గొలుసు మళ్లీ ఆమె చేతిలోనే పెట్టాడు. "ఇప్పుడే ఇయ్యొద్దు. అవతల రెండంగళ్లల్లో చూపీ. పో, చూపిచ్చి రా."

అవ్వ గొలుసు కొంగున కట్టుకుని పోయింది. గుమాస్తా ముఖంలో అసంతృప్తి మీకు కనబడుతోంది. వచ్చిన బేరాన్ని తనే పంపించేశాడు కదా. యజమాని నిదానంగా అన్నాడు: "తిరిగొస్తే నమ్మి వస్తాది. రాకపోతే గూడా నేను మోసం చేసినానని మాత్రం చెప్పదు."

ముప్పావు గంట తర్వాత ఆమె వచ్చింది. ఒకచోట ఇదే అంకె, ఇంకోచోట ఒక పాయింటు తక్కువ. "కరిగీ నాయనా," అంది.

ఆయన అప్పుడు కూడా వెంటనే ఒప్పుకోలేదు. "కరిగిస్తే మీ యత్త గొలుసు ఇంగ ఉండదవ్వా. కొద్ది నెలల అవసరమైతే బ్యాంకులో తాకట్టు పెట్టుకో. వస్తువు నీదే ఉంటాది." అవ్వ తల అడ్డంగా ఊపింది. వడ్డీ కట్టేవాళ్లు లేరట.

వెనక గదిలోకి రండి. అవ్వనూ పిలిచి స్టూలు వేశారు. ఆచారి మూసలో గొలుసు వేసి, కాస్త వెలిగారం చల్లి, మంట పెట్టాడు. గొలుసు ఎర్రబడి, వంగి, ఒక్క బొట్టుగా చేరింది. మట్టి, మురికి నురగగా పైకి తేలాయి. అచ్చులో పోశాడు. చల్లారిన కడ్డీ అవ్వ చేతి మీదుగానే కాటా ఎక్కింది. 24.020. మీటరులో 84.5. కాగితం మీద లెక్క: 20.297 గ్రాముల మేలిమి. ఆ రోజు మేలిమి రేటు బోర్డు మీదే ఉంది. గుణించి చూపించాడు. ఏ గీతలోనూ ఎందుకని అడగాల్సిన అవసరం అవ్వకు రాలేదు. చేతిఖర్చుకు కొంత మాత్రం ఇచ్చి, మిగతా డబ్బు బ్యాంకులో వేయించి, గుమాస్తాను బస్టాండు దాకా తోడు పంపాడు.

సాయంత్రం అయిదు. ఆచారి వచ్చి గల్లా దగ్గర గొంతు తగ్గించి ఏదో చెప్పాడు. శుక్రవారానికి ఇస్తామన్న వడ్డాణం ఆదివారానికిగానీ కాదు. మనలో చాలామంది ఇక్కడే ఫోను పక్కన పెట్టేస్తాం. శుక్రవారం వాళ్లు వచ్చినప్పుడు చూసుకుందాం అనుకుంటాం. ఈయన వెంటనే ఫోను చేశాడు.

"అక్కా, నేను శుక్రవారం అన్నా. కాలేదు. నగిషీ ఒకచోట సరిగా రాలేదని మళ్లీ జేస్తున్నాం. ఆదివారం పొద్దున నేనే తెచ్చి ఇస్తా. మీ ముహూర్తం బుధవారం గదా, అంతవరకు ఇబ్బంది లేకుండా చూస్తా." అవతల ఆమె గొంతు పెరగడం మీకు వినబడింది. ఆయన అడ్డు చెప్పలేదు, ఆచారి మీదకు నెట్టలేదు. ఆమె ఆగాక మళ్లీ ఆదివారం అన్నాడు. పుస్తకంలో రాసుకున్నాడు. చెడ్డ కబురు కొనేవాళ్లు కనిపెట్టకముందే మన నోటి నుంచి వెళ్లాలి. అప్పుడు అది ఆలస్యం మాత్రమే. వాళ్లు కనిపెట్టాక చెబితే అది అబద్ధం అవుతుంది.

ఆచారితో కూడా ఆయన లెక్క ఇలాగే ఉంటుంది. ఉదయం ఇచ్చిన బంగారం ఇద్దరి కళ్ల ముందు తూచి ఇస్తాడు, సాయంత్రం ఇద్దరి కళ్ల ముందు తూచి తీసుకుంటాడు. నేల మీద రాలిన రజను సహా లెక్కలోకి వస్తుంది. కూలి వారం వారం, ఒక్క రోజు కూడా తప్పకుండా. లోపల పనిచేసేవాడిని మోసం చేస్తూ బయట కొనేవాడితో నిజాయితీగా ఉండటం ఏ వ్యాపారంలోనూ ఎక్కువ కాలం సాగదు.

దీపాలు వెలిగాయి. ఒక కుర్రాడు వచ్చాడు. పోయిన వారం చెల్లెలి గాజులకు బయానా ఇచ్చి రేటు కట్టుకున్నాడు. ఈ వారంలో బంగారం పెరిగింది. గోడ మీది బోర్డు చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. పాత రేటుకు ఇస్తారా, కొత్త రేటు అంటారా?

యజమాని పుస్తకం తిప్పి, రోజు, రేటు, బరువు రాసి ఉన్న పేజీ చూపించాడు. "రా నాయనా. నువ్వు కట్టుకున్న రేటే." కుర్రాడు ఊపిరి వదిలాడు.

మీకు అనుమానం రావచ్చు. ఇలా ఇస్తే నష్టం రాదా? రాదు. బయానా పుచ్చుకున్న రోజే అంత బంగారం ఆయన కొని పెట్టేశాడు. రేటు పెరిగినా తగ్గినా ఆయనకు మిగిలేది తరుగు, మజూరీల్లోనే. మాట నిలబెట్టుకోవడానికి మంచి మనసు ఒక్కటే చాలదు, ముందు ఏర్పాటు కావాలి. నిలబెట్టుకునే దారి చూసుకోకుండా మాట ఇవ్వడమే చిన్న వ్యాపారులు పేరు పోగొట్టుకునే పెద్ద కారణం. నెలనెలా డబ్బు కట్టించుకునే స్కీము ఆయన పెట్టనిదీ అందుకే. ఊరివాళ్ల డబ్బు నెలల తరబడి తన దగ్గర ఉంచుకుంటే దాన్ని కాపాడే స్తోమత తనకు లేదని ఆయనకు తెలుసు. తన శక్తికి మించిన దానికి లేదని చెప్పడం కూడా నిజాయితీలో భాగమే.

రాత్రి ఎనిమిదిన్నర. ట్రేలు లెక్కపెట్టి ఇనప్పెట్టెలో పెట్టారు. రేపటి పేజీలో పనులు రాసి ఉన్నాయి. ఒక జత కమ్మలకు మర సరిచేయాలి, దానికి డబ్బు తీసుకోకూడదు. ఒక ఇంటికి గొలుసు మెరుగు పెట్టి పంపాలి. ఆదివారం వడ్డాణం. అన్నీ ఎవరికో ఇచ్చిన మాటలే.

ఈ రోజు ఆయన ఒక పెద్ద బేరంలో తక్కువ లాభానికి ఒప్పుకున్నాడు, ఒక బేరాన్ని తనే పక్కంగళ్లకు పంపాడు, ఒకరి తిట్లు భరించాడు. ఏదీ గొప్ప త్యాగం కాదు. ప్రతిదాని వెనకా వ్యాపారి లెక్క ఉంది, కానీ ఆ లెక్క కొనేవాళ్లకు కూడా కనబడేలా వేసింది. నమ్మకం మంచి మాటలతో రాదు, నవ్వు మొహంతో రాదు. తనిఖీ చేసుకునే వీలు ఎదుటివాళ్ల చేతికి ఇచ్చినప్పుడు వస్తుంది. పదిసార్లు తనిఖీ చేసి చూసినవాళ్లు పదకొండోసారి చూడకుండానే కొంటారు. ఆ పదకొండోసారి కూడా అదే తూకం వేసేవాడి దగ్గరకే వాళ్ల పిల్లలు కూడా వస్తారు.

మీరు నడిపేది బంగారం అంగడి కాకపోవచ్చు. మెకానిక్ షెడ్డు, ఎరువుల అంగడి, టైలరింగు, క్యాటరింగు, ఏదైనా కావచ్చు. రేపు పొద్దున పని మొదలుపెట్టే ముందు ఒక్క పని చేయండి. మీ బిల్లులో, మీ ధరలో, మీరిచ్చే గడువులో, కొనేవాళ్లకు అర్థంకాకపోవడం వల్ల మీకు లాభం కలిగిస్తున్న గీత ఏదో వెతకండి. వాళ్లు అడగకముందే దాన్ని విప్పి చెప్పండి. మీ వ్యాపారానికి అసలు పెట్టుబడి అక్కడి నుంచే మొదలవుతుంది.